విచారణ గదిలో విన్న మాట

నూజివీడులో మామిడికాయలు బయటి ఊళ్లకు పంపే ఒక షావుకారు దగ్గర నేను ఐదేళ్లు గుమస్తాగా పనిచేశాను. అరవైలు మొదలైన రోజులవి. ఆఫీసంటే రెండు గదులు, వెనక పెద్ద షెడ్డు. షెడ్డులో ఆడవాళ్లు కాయలు ఏరి, గంపల్లో వరిగడ్డి పరిచి సర్దేవారు. ఆఫీసులో నేను, మేనేజరు, ఇంకో గుమస్తా. ఆ గుమస్తా నాకంటే పదేళ్లు పెద్ద. బయటి వ్యాపారులకు మా రేట్లు టెలిగ్రాముల్లో రాసి పంపేది ఆయనే. ఎవరి జోలికీ వెళ్లేవారు కాదు.

ఒక సీజనులో షావుకారు పేరిట ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఆ గుమస్తా రెండు వారాలకోసారి గురువారం సెలవు పెట్టి, హనుమాన్ జంక్షన్ వెళ్లి, మా రేట్లు అవతలి వ్యాపారికి చేరవేస్తున్నాడని అందులో ఉంది. షావుకారు కేకలు వేసే మనిషి కాదు. తలుపు వేయించి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, చెప్పింది చెప్పినట్టు రాయమని నన్ను పక్కన ఉంచుకున్నారు.

"గురువారాలు ఎక్కడికి వెళుతున్నావయ్యా?"

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి పైన పాలిపోయిన మచ్చ చూపించారు.

"కుష్ఠండీ. మొదట్లోనే కనిపెట్టారు. జంక్షన్ అవతల ఆసుపత్రిలో మాత్రలిస్తారు. పక్కవాళ్లకి అంటుకునే రకం కాదని డాక్టరుగారు రాసిచ్చారు."

షావుకారు ఆయన అందించిన ఆ చీటీ చదివి తిరిగి ఇచ్చేశారు. నేను రాసిన కాగితం తీసుకుని చింపేశారు. "వెళ్లి పని చూసుకో. ఈ మాట ఈ గది దాటకూడదు," అన్నారు. ఆ రెండో మాట నాకేనని తెలుసు.

తలుపు మూయడం షెడ్డంతా చూసింది. తెరిచాక ఏం తేలిందో ఎవరికీ తెలియలేదు. ఆయన అడ్డంగా దొరికిపోయాడనీ, సీజన్ అవగానే పంపించేస్తారనీ తలా ఒకటి అనుకున్నారు. మేనేజరు రోజూ కాఫీ హోటల్లో నన్ను కదిపేవాడు.

"లోపల నువ్వే ఉన్నావుగా, చెప్పవేంటయ్యా?"

నేను మాట్లాడకపోతే, "అయితే నిజమేనన్నమాట," అనేవాడు.

ఒకరోజు లారీ డ్రైవర్ల ముందు ఆయన్ని దొంగ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మేనేజర్ని పక్కకి పిలిచి, "ఆయన దొంగ కాదండీ. మందు కోసం వెళుతున్నారు," అన్నాను. ఏం జబ్బని అడిగాడు. చెప్పేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను.

వారం తిరక్కుండానే ఆయన బల్ల మీద విడిగా ఒక గ్లాసు వెలిసింది. షెడ్డులో ఆయన ముట్టుకున్న గంప ఎత్తడానికి ఆడవాళ్లు వెనకాడారు. షావుకారు స్వయంగా వెళ్లి డాక్టరు మాట చెప్పినా ఎవరి భయమూ పోలేదు.

ఆయన నా దగ్గరికి వచ్చి నెమ్మదిగానే అడిగారు.

"మీరే చెప్పారా?"

"మిమ్మల్ని దొంగ అంటుంటే ఊరుకోలేకపోయానండీ."

"మంచికే చెప్పుంటారు. కానీ దొంగ అంటే నేను పడ్డాను కదండీ. ఇది చెప్పాలో వద్దో నన్నొక్కమాట అడగాల్సింది."

ఆ నెలాఖరుకి ఆయన పని మానేశారు. షావుకారు నన్నేమీ అనలేదు కానీ, ఆ తర్వాత ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే నన్ను బయటికి పంపేవారు.

నాలుగేళ్లకు విస్సన్నపేట మార్కెట్లో ఆయన కనిపించారు. ఒక తోటల కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తున్నారట. మనిషి ఆరోగ్యంగా ఉన్నారు. పక్కనున్న కుర్ర గుమస్తాకి, "ఈయనా నేనూ నూజివీడులో ఒకే చోట పనిచేశాం," అని చెప్పి ఊరుకున్నారు. జబ్బు ఎలా ఉందని నోటిదాకా వచ్చింది కానీ, ఆ కుర్రాడి ముందు అడగలేదు. ఆ ఏడు బంగినపల్లి కాపు గురించి మాట్లాడుకుని, టీ తాగి, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.