కొండగట్టు దారిలో జర్మన్ పాఠం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, పని మీద బెజవాడ నుంచి వెళ్లి కరీంనగర్‌లో బస్సెక్కాను. కొండగట్టు ఇంకా రెండు మైళ్లుందనగా బస్సు చెడిపోయింది. వారంలో జర్మన్ పరీక్ష. నెగ్గితేనే ఆ దేశంలో శిక్షణ. కాలు నిలవక రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, షికారుగా నడవడమనే క్రియను పైకే వల్లిస్తున్నాను: “ఇష్ ష్పత్సీరె, డు ష్పత్సీర్స్ట్, ఎర్ ష్పత్సీర్ట్...”

మా బస్సులోని ఒకామె దగ్గరికొచ్చింది. ఆమె మణికట్టునూ ఆమె తమ్ముడి మణికట్టునూ కలిపి ఒకే తువ్వాలు కట్టి ఉంది.

“నీ ఎంబడి ఎవ్వలు రాలేదా అన్నా? మాతోని రా. మేం గూడ గుడికాడ నలభై రోజులుంటం,” అంది మెల్లగా.

మతి చెదిరినవాళ్లను నయం కావాలని కొండగట్టు అంజన్న సన్నిధిలో ఉంచుతారని విన్నాను. నన్నూ అలాంటివాడే అనుకుంది. సిగ్గేసి, అది పరీక్ష చదువని, పనేమీ లేకుండా నడవడానికి జర్మన్ మాటని, ‘ఖాళీ జాగా’ అనే లాటిన్ మాట నుంచి పుట్టిందని చెప్పాను.

“పని లేకుంట నడిస్తే ఆడ పిచ్చోడనరా?”

“అనరు.”

తమ్ముడి వైపు చూసింది. “మావోడు గూడ ఉత్తగనే నడుస్తడు. యాడికన్న పోతడని కట్టేసిన,” అంటూ ముడి విప్పింది. “జర నీతోని తిప్పు.”

అతను పరిగెత్తితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. నేను వల్లిస్తుంటే అతను అడుగు కలిపాడు. మైలురాయి దాకా వెళ్లాం.

డ్రైవరు హారన్ కొట్టాడు. అతనే ముందు వెనుదిరిగి, నేరుగా అక్క దగ్గరికి పోయి, కట్టమని చెయ్యి చాపాడు.

ఆమె తువ్వాలు దులిపి తన భుజాన వేసుకుంది.