యాంటీ క్లాక్‌వైజ్ ప్రదక్షిణం

దేవమ్మ పదకొండేళ్లుగా సినిమాల్లో ఉంది. పెళ్లి పందిట్లో కూర్చుంది, చావింట్లో ఏడ్చింది, ఎన్నికల సభలో చప్పట్లు కొట్టింది. ఇన్ని చేసినా తెర మీద ఆమె ముఖం ఒక్కసారీ పడలేదు. ఒక సినిమాలో భుజం పడింది, ఇంకోదాంట్లో కొప్పు. మోతీనగర్‌లో కాపురముండే కూతురు బాలమణి, "అమ్మా, నువ్వు నిజంగ షూటింగ్‌కే పోతున్నవా?" అని ఆటపట్టించేది.

అందుకే, గుంపు సీన్లకు మనుషుల్ని పంపే భిక్షం "రేపు నువ్వే ముందర" అనగానే, దేవమ్మ మర్నాడు యూసుఫ్‌గూడ గదిలో రెండుసార్లు తల దువ్వుకుని బయల్దేరింది.

ఫిలింనగర్ గుట్ట మీద గుడి సెట్టు వేశారు. లోపల వేణుగోపాలస్వామి. భిక్షం ఆమెను ముప్పైమంది ఆడవాళ్లకు ముందు నిలబెట్టి, "సీనియర్‌వి. నువ్వెటు పోతే అందరు అటే వస్తరు. ఆగం చెయ్యకు" అన్నాడు.

పని చిన్నదే. పూలబుట్టా కొబ్బరికాయా పట్టుకుని గుడి చుట్టూ తిరగాలి. అసిస్టెంట్ డైరెక్టర్ మంజులత మైకులో అరిచింది. "లేడీస్ అందరూ యాంటీ క్లాక్‌వైజ్ అండీ! యాక్షన్!"

దేవమ్మకు యాక్షన్ తెలుసు, కట్ తెలుసు, లంచ్ బ్రేక్ మరీ బాగా తెలుసు. ఈ మాట మాత్రం కొత్తది. అయినా గుడి చుట్టూ ఎలా తిరగాలో ఒకరు చెప్పాలా? కాళ్లు వాటంతటవే స్వామిని కుడిచేతి వైపు ఉంచుకుని నడిచాయి. సగం మంది ఆమె వెంట వెళ్లారు. మాట తెలిసిన సగం మంది అటునుంచి వచ్చారు. గుడి వెనక రెండు గుంపులూ గుద్దుకున్నాయి. కొబ్బరికాయలు గుట్ట దిగి షేక్‌పేట దారి పట్టాయి.

"కట్!"

మంజులత పరుగెత్తుకొచ్చి, తన వాచీ విప్పి దేవమ్మ అరచేతిలో పెట్టింది. "చూడండి దేవమ్మగారూ. ముల్లు ఇలా తిరిగితే క్లాక్‌వైజ్. మీరు దానికి రివర్స్‌లో తిరగాలి."

దేవమ్మ వాచీ నడుమ స్వామి ఉన్నాడనుకుని చూసింది. ముల్లు ఆయన్ను కుడివైపే ఉంచుకుని తిరుగుతోంది.

"ముల్లుకే గింత భక్తి ఉన్నది బిడ్డా. నన్ను ఉల్టా తిరగమంటవా?"

"అది ప్లాస్టర్ బొమ్మ అండీ! మీరు అటు తిరిగితే ఎండ వీపుల మీద పడుతుంది. మొహాలన్నీ నల్లగా వస్తాయి."

"పొద్దుగాల మీ డైరెక్టరు కొబ్బరికాయ ఎవరికి కొట్టిండు? గా బొమ్మకే గదా."

మంజులత వాచీ తీసుకుని మళ్లీ చేతికి పెట్టుకుంది. వెనకున్న ఆడవాళ్లంతా "అవ్ అవ్" అన్నారు. మాట తెలిసిన సగం మందికి కూడా పాపభయం అప్పుడే పట్టుకుంది.

భిక్షం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు దండం పెడత దేవమ్మా. తిరగకుంటే నిన్ను ఎనుక వరసకు పంపుత. ఇంకో ఆమెను ముందర పెడత."

వెనక వరస అంటే మళ్లీ భుజమే. దేవమ్మ పూలబుట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. స్వామి వంక చూసింది.

"ఒక్క పని చెయ్యున్రి. జర స్వామిని బయట కూసోబెట్టున్రి. ఖాళీ గుడి ఎటు తిరిగితే ఏంది? గోడలే గదా."

డైరెక్టరు నవ్వాపుకుంటూ సరేనన్నాడు. స్వామిని ఇద్దరూ, ఊడొచ్చిన పిల్లనగ్రోవిని ఒకరూ మోసుకొచ్చారు. గుడి పక్కన, కెమెరాకు కనబడని చోట, ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబెట్టి గొడుగు పట్టారు. ఈసారి ఎవరూ గుద్దుకోలేదు. షాట్ ఓకే.

"మొత్తానికి నెగ్గినవ్" అన్నాడు భిక్షం.

ఆర్నెల్లకు సినిమా వచ్చింది. గుడి సీను రాగానే హాల్లో దేవమ్మ బాలమణి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద ఆడవాళ్ల ముఖాలన్నీ ఎండలో తోమిన ఇత్తడి చెంబుల్లా మెరుస్తున్నాయి. ముందున్నామె ముఖం ఒక్కటే లేదు. గొడుగు జరిగి స్వామికి ఎండ తగులుతోందేమోనని ఆమె నడిచినంతసేపూ మెడ తిప్పి అటే చూస్తోంది.

"ఏడున్నవమ్మా?"

"అగో, అందరికన్న ముందర. గా కొప్పు."

బాలమణి ముందుకు వంగి, కళ్లు చికిలించి చూసింది.

"మస్తు దువ్వినవే" అంది.