పనిమనిషికి పేరు పెట్టిన పితాంగ్

మనాంగ్ పితాంగ్ మా రేడియోలో పదకొండేళ్ళు తలుపులు తీసింది. మా వైపు అక్కని మనాంగ్ అంటాం, అన్నని మనోంగ్ అంటాం. కిర్రుమనే చప్పుడు నాది, పాత పెట్టె మూతతో. "లోపలికి దయచేయండి దొరసానీ" అనడం ఆమె వంతు.

ఇలోఇలో పట్నంలో బ్రెడ్డు బట్టీ మీది మేడలో ఉండేది మా స్టూడియో. మధ్యాహ్నం రెండున్నరకి మా మాయల సీరియల్ మొదలయ్యేది. రాకుమారి, రాక్షసుడు, మాయ ఉంగరం, దేనికీ తక్కువ లేదు. పితాంగ్‌ది పనిమనిషి వేషం. ఆ పనిమనిషికి కథలో పేరు లేదు. కథలో పేరు లేని వేషం వేసినవాళ్ళ పేరు చివర్లో చదవకూడదని స్టేషన్ కట్టడి.

ఆమె బాధంతా అక్కడే. ఎదురుగా ఉన్న గిమారాస్ దీవిలో ఆమె అత్తవారు. కోడలు పట్నంలో రేడియోలో నటిస్తోందంటే ఒక్కరూ నమ్మరు. ఎవరింట్లోనో బట్టలుతుకుతోందని ఆడపడుచు ఊరంతా చాటింది. ఆ గొంతు నాదేనని చెబితే, ముసలి గొంతులన్నీ ఒకలాగే ఉంటాయి, పేరేదీ అని అడిగారట. పెర్పెతువా సలాస్ అనే తన అసలు పేరు ఒక్కసారి రేడియోలో వినబడితే చాలని, ఎదురుగా బట్‌చోయ్ గిన్నెలో నూడిల్స్ చల్లారిపోతున్నా చూసుకోకుండా నాతో చెప్పింది.

సీరియల్ రాసే మనోంగ్ పానియో రిహార్సల్‌కి వచ్చినప్పుడల్లా ఒకటే పాట పాడేవాడు. "కథ నేను రాయనర్రా. ఎవరికో ఏదో కావాలి. అది చేతికందేంత దూరంలో ఉండాలి. వాళ్ళు చెయ్యి చాపుతారు, నేను వెనకాల రాసుకుంటూ పోతాను." మేమంతా నవ్వేవాళ్ళం. పితాంగ్ ఎప్పుడూ నవ్వలేదని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఒక మంగళవారం, రాకుమారి వేషం వేసే రోవేనా పన్ను పీకించుకుని బుగ్గ వాచి రాలేదు. మనిషి రాకపోతే ఆ పాత్రని మంత్రంతో నిద్రపుచ్చడం మా ఆనవాయితీ. ఊరి పండగ వారంలో ఓసారి సగం రాజ్యం నిద్రపోయింది. ఆ రోజు రాకుమారి వేలికి ఉంగరంతో పడుకుంది. దీపం ఆర్పేస్తానని చెప్పి పనిమనిషి వెళ్ళిపోవాలి. ప్రసారం నేరుగా గాలిలోకి పోతోంది. పితాంగ్ చేతిలోని కాగితం మడిచేసింది.

"ముప్ఫై ఏళ్ళు నన్ను ఏయ్ అనే పిలిచారు దొరసానీ. నా పేరు హిమాయా. ఈ ఉంగరం నేను తీసుకుంటున్నాను, ప్రాణం పోతే తప్ప ఇవ్వను. నా భుజాలకి రెక్కలొస్తున్నాయి."

రెక్కలన్నాక చప్పుడు నేనే కదా చెయ్యాలి. చేతికందిన గొడుగు టపటపా తెరిచి మూశాను. పుల్ల వెళ్ళి అనౌన్సర్ చెవికి గుచ్చుకుంది. పేర్ల జాబితా పొద్దున్నే టైపయి ఉండడంతో ఆ రోజు కూడా పితాంగ్ పేరు అందులో లేదు.

పానియో తిడతాడనుకున్నాం. తిట్టలేదు. ఆమెని మెట్ల దగ్గరికి పిలిచాడు. "కావాలనుకున్నావు, అందింది, తీసుకున్నావు. తప్పు పట్టను. కానీ శుక్రవారం రోవేనా వచ్చేస్తుంది మనాంగ్. రాకుమారికీ ఆ ఉంగరమే కావాలి. హిమాయా ప్రాణం పోతే తప్ప ఇచ్చే మనిషి కాదని నువ్వే చెప్పేశావు."

తిరిగిచ్చేస్తే ఏమవుతుందని అడిగింది. మళ్ళీ పేరు లేని పనిమనిషి అవుతుందన్నాడు, ఉద్యోగం మాత్రం ఉంటుంది. చస్తే పేరు చదివిస్తాడు. కానీ ఇంకో వేషం ఇవ్వలేడు. ఆ గొంతు మళ్ళీ వినబడితే హిమాయా బతికే ఉందంటారు జనం.

కింద బట్టీలో రొట్టెలు దించేదాకా ఆమె మెట్ల మీదే కూర్చుంది. "చస్తాను మనోంగ్. కాస్త బాగా చావనివ్వు," అంది.

బుధ, గురువారాలు రాక్షసుడి యుద్ధంతో గడిచాయి. ఈలోగా, శుక్రవారం ఆఖరిదాకా రేడియో కట్టెయ్యొద్దని గిమారాస్‌లో అత్తవారికి పితాంగ్ కబురు పంపింది.

కాగితం మీద హిమాయా చావు అరపేజీ. పితాంగ్ ఆరు నిమిషాలు చచ్చిపోయింది. ఉంగరాన్ని తిట్టింది, ముద్దు పెట్టుకుంది, తనని పేరు పెట్టి పిలవమని రాకుమారిని అడిగింది. రోవేనా నిజంగానే ఏడ్చింది. అద్దం వెనక నుంచి పానియో ఇక ఆపమని గొంతు కోసుకుంటున్నట్టు సైగలు చేస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఉరుముల రేకు ఊపడం నేను ఆపితే ఆమె ఆగేది. నేను ఆపలేదు. అలాంటి గొంతు ఆ గదిలో నేనెన్నడూ వినలేదు.

సరిగ్గా మూడింటికి వార్తలు. సమయం లేనందున నటీనటుల వివరాలు చెప్పలేకపోతున్నామని అనౌన్సర్ ఒక్క ముక్కలో ముగించాడు.

పితాంగ్ అప్పటికే ఆయాసపడుతూ బయట మెట్ల మీదికి వెళ్ళిపోయింది. అక్కడికి ఏమీ వినబడదు. నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళాను.

"చదివాడా తోతో?" అని నన్నడిగింది.

"చదివాడు మనాంగ్."

"సలాస్ అని కూడానా?"

"సలాస్ అని కూడా."

ఆమె మొహం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది, కింద బట్టీలో బిస్కోచో రొట్టెముక్కలు పొట్లం కట్టించుకుని సాయంత్రం పడవకి గిమారాస్ వెళ్ళింది. అక్కడ గుమ్మంలో ఆడపడుచు ఏమందో నాకు తెలియదు. మూడుసార్లు రేవు దాకా వెళ్ళాను. ఆమెకి ఏమని చెప్పాలో తేలక పడవ ఎక్కకుండానే వచ్చేశాను.