మా అత్త అడిగి తెచ్చుకున్న బాట

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బడి దగ్గరే అందింది. తిరుత్తణిలో నేను పాఠాలు చెప్పే బడిలో పొద్దుటి ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతులకు వెళ్తున్నారు. గేటు దగ్గర మా బావ, అంటే అత్త కొడుకు, నిలబడి ఉన్నాడు. మణవాళనగర్ నుంచి మొదటి రైలుబండికే వచ్చినట్టున్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు.

"అమ్మ ఎల్లిపోయింది మే. తెల్లారుజామున కాఫీ అడిగింది. కలుపుకొని వొచ్చేలోపల..." అని ఆగిపోయాడు. "మన ఊరికే ఎత్తుకొని పోతుండాము. నువ్వు మామను చూసుకో" అన్నాడు.

మామ అంటే మా నాన్న. అత్తకు ఒక్కగానొక్క తమ్ముడు.

మీలో ఎవరికీ మా అత్త తెలిసి ఉండదు. తిరువాలంగాడు చుట్టుపక్కల కొన్ని పల్లెల వాళ్ళకు తప్ప ఆమెను ఎవరూ ఎరగరు. అయినా ఆమె గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

అత్తను మా ఊళ్ళోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఇచ్చారు. రెండు ఇళ్ళూ భూమి ఉన్న ఇళ్ళే. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు గడప దాటాలంటే బండి కట్టేవారు. అలాంటి ఇంటి మనిషి ఒకరోజు చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చేతిలో కంప కొట్టే మచ్చుకత్తి పట్టుకుని, పొలాల వైపు నడిచిపోయింది. ఊరంతా నోరు తెరిచి చూసింది.

దానికి ముందు జరిగింది చెప్పాలి. మా ఊరి నుంచి తిరువాలంగాడు స్టేషనుకు పొలాల మధ్యగా ఒక కాలిబాట ఉండేది. తారు రోడ్డు వేసి బస్సు వచ్చాక ఆ బాటను అందరూ మరిచిపోయారు. పొద్దుటి రైలుకు పూలగంపలతో, కూరగాయల మూటలతో మద్రాసు వెళ్ళే ఆడవాళ్ళకు మాత్రం అదే దిక్కు. బస్సు వచ్చే వేళకు వాళ్ళ రైలు వెళ్ళిపోయి ఉండేది. హైస్కూలుకు వెళ్ళాలన్నా అదే బాట. రెండు వైపులా సీమతుమ్మ కమ్ముకుంది. దానికి తోడు పొలాల వాళ్ళు ఏటా ఒక్కొక్క చాలు లోపలికి దున్నుకుంటూ వచ్చారు. మా నాన్న పొలం దగ్గరైతే బాట పోయి గట్టు మిగిలింది. ఒక పక్క వరి, ఇంకో పక్క కాలువ. ముళ్ళకూ పాములకూ భయపడి నన్ను ఎనిమిదో తరగతితో బడి మాన్పించారు. ఊళ్ళో ఇంకా చాలామంది ఆడపిల్లలదీ అదే కథ.

ఒక వానాకాలం పొద్దున, అత్త వాళ్ళ వెనక వీధిలో ఉండే పూలామె మా గట్టు మీద కాలు జారి, గంపతో సహా కాలువలో పడింది. మణికట్టు విరిగింది. అత్త చూడడానికి వెళ్తే, "చెయ్యిదేముందిమ్మా, అతుక్కుంటాది. కనకాంబరాలన్నీ నీళ్ళల్లో పోతావుంటే చూస్తా పడుంటిని. దానికే ఏడుపొస్తాది" అందట.

మరునాడే అత్త మచ్చుకత్తి పట్టుకుంది.

మొదట్లో ఒక్కతే. స్టేషను వైపు నుంచి కంప కొట్టడం మొదలుపెట్టింది. రచ్చబండ దగ్గర కూర్చున్న మగవాళ్ళు నవ్వితే, "కూర్చోని మెచ్చుకునే నోటికన్నా వొంగి పీకే చెయ్యి మేలు. మీకు రెండూ లేవు" అనేసి వెళ్ళేది. కోపం మరీ ఎక్కువైతే తమిళంలోకి దిగేది. చెయ్యి కట్టు విప్పకముందే పూలామె వచ్చి ఒంటి చేత్తో కంప లాగింది. ఆమె వెనక మిగతా పూలవాళ్ళు వచ్చారు. ఆదివారాల్లో హైస్కూలు మాస్టారు ఒకాయన పెద్ద పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవాడు. నేనూ వెళ్ళాను. అమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. నాన్న మాత్రం అన్నం దగ్గర ఒక్క మాట అన్నాడు: "మీ అత్త యాడికి వొస్తా ఉందో నాకు తెలుసు."

వేసవి చివరికి వాళ్ళు మా పొలం దాకా వచ్చారు. అక్కడ ఆగిపోయారు.

నాన్న గట్టు మీదే నిలబడి ఉన్నాడు. "ఈ గట్టు మా నాయన వేసింది. ఒక్క పార తగలనీను" అన్నాడు. అత్త పారలు, గంపలు సర్దించి అందరినీ తీసుకుని వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ళకు మాటలు లేవు. నాన్న తిరువళ్ళూరు సంతకు వెళ్ళిన ఒక రోజు పూలవాళ్ళు, "ఇప్పుడైతే అడిగేవాళ్ళు లేరు, తవ్వేద్దామమ్మా" అన్నారు. "దొంగగా తీసిన దోవలో నేను నడవను. మీరూ నడవొద్దండి" అంది అత్త.

ఏటా తిరుత్తణి కొండ పండుగ ఆడికృత్తికకు ముందు అక్కకు చీర, పసుపు, కుంకుమ, గాజులు పెట్టి రావడం మా నాన్నకు అలవాటు. ఆ ఏడు వెళ్తాడో లేదోనని అమ్మ దిగులుపడింది. వెళ్ళాడు. పళ్ళెం పట్టుకుని వెనక నేను నడిచాను. అత్త పీట వేసింది. మజ్జిగ ఇచ్చింది. పళ్ళెంలోంచి పసుపు, కుంకుమ, గాజులు తీసుకుని చీరను మాత్రం తమ్ముడి వైపు జరిపింది.

"చీర వొద్దురా."

"ఏంటికి? రంగు బాగలేదా?"

"చీరలు పెట్టెనిండా ఉండాయి. పెండ్లిలో నాకు పసుపుకుంకాలకని నాయన భూమి ఇస్తానన్నాడు. ఇయ్యకుండానే పోయినాడు. నేనెప్పుడన్నా అడిగితినా?"

"లేదు."

"ఇప్పుడు అడుగుతుండా. ఆ గట్టు ఇయ్యి."

నాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "భూమి కావాలంటే మంచి మడి ఇస్తా గదక్కా. ఊరంతా తొక్కే గట్టు తీసుకోని ఏం చేసుకుంటావు?"

"ఊరంతా తొక్కనీరా. నా నేల మింద నడిచి పోతుండారని నాకుంటాది."

నాన్న లేచి వచ్చేశాడు. దారి పొడుగునా నాకంటే పది అడుగులు ముందే నడిచాడు.

మరునాడు పొద్దున అమ్మ నాకు గంజి ఇచ్చి పొలానికి పంపింది. నేను వెళ్ళేసరికి నాన్న పంచె ఎగగట్టి గట్టును తనే తెగవేస్తున్నాడు. నన్ను చూసి, "మీ అత్తను పిల్చుకోని రా. ఆమె నేల యాడికుందో ఆమే చూపించాల" అన్నాడు. అత్త వచ్చింది. మడి లోపలికి నాలుగడుగులు వేసి అక్కడ హద్దుగా మట్టికి కుంకుమ అద్దింది. నాన్న అది దాటి ఇంకో అడుగు లోపలికి తవ్వడం మొదలుపెట్టాడు.

"నేనడిగింది ఇంతేరా" అంది అత్త.

"గంపలు నెత్తిన పెట్టుకున్నోళ్ళు ఇద్దరు ఎదురైతే ఎట్ల తప్పుకుంటారు?" అన్నాడు నాన్న, తలెత్తకుండా.

అత్త పక్కకు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నా చేతిలోని గంజి చెంబు తీసుకుని తనే తమ్ముడికి పోసింది.

ఆ వానల్లోనే మొక్కలు నాటారు. వేప, కానుగ. అత్త వాటిని పెరట్లో పాత డబ్బాల్లో, పగిలిన కుండల్లో పెంచి ఉంచింది. మేకలు తినకుండా ప్రతి మొక్క చుట్టూ సీమతుమ్మ కంపే పాతించింది. "ఇన్నాళ్ళూ గుచ్చినావు గదా, ఇప్పుడు కాపలా కాయి" అనేది ఆ కంపతో. రైలుకు వెళ్ళేవాళ్ళు తలా ఒక మొక్క పంచుకుని పోతూ పోతూ చెంబెడు నీళ్ళు పోసేవారు. మరుసటి వేసవికి కొన్ని ఎండిపోయాయి. అత్త దిగులుపడలేదు. అదే గుంతల్లో మళ్ళీ పెట్టించింది.

ఆ వేసవి అయ్యి బడి తెరవగానే నేను తొమ్మిదిలో చేరాను. నాతో ఇంకొందరు ఆడపిల్లలూ చేరారు. నేను ఈ రోజు టీచరునై ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ బాట వల్లే. ఇక మా నాన్న సంగతి చెప్పాలంటే, ఇప్పటికీ ఎవరైనా ఆ దారిలో గొడ్డును కడితే ఊరుకోడు. "అది మా అక్క నేల. ఇప్పుకోని పో" అంటాడు.

అత్తకు ఇంకో అలవాటు ఉండేది. ఏ దారిలో నడిచినా కంటికి కనిపించిన ముల్లును, రాయిని పక్కకు తొయ్యకుండా దాటేది కాదు. తిరుత్తణి కొండ మెట్ల మీద మొక్కు కావళ్ళ రద్దీలో కూడా వంగి కొబ్బరిచిప్ప పెంకులు ఏరేది. వెనక వచ్చేవాళ్ళు విసుక్కుంటుంటే నేను సిగ్గుపడి చెయ్యి లాగేదాన్ని. "కావడి మోసేవాళ్ళు కింద చూడరు మే. వాళ్ళ తరపున మనం చూడాల" అనేది.

చివరి రోజుల్లో మోకాళ్ళు పట్టేసి కొడుకు దగ్గర మణవాళనగర్‌లో ఉండిపోయింది. కొత్తగా లేచిన ఇళ్ళు, నేరుగా గీసినట్టుండే వీధులు. నేను చూడడానికి వెళ్తే, "ఈడ వీదులకు పేర్లయితే ఉండాయి, నీడే లేదు" అంది. పోయిన నెల ఇంటి ముందు ఒక కానుగ మొక్క పెట్టించిందని బావ చెప్పాడు.

ఊళ్ళో అన్నీ అయిపోయాక నాన్నను ఇంటి దగ్గర దిగబెట్టి, సాయంత్రం బండికి నేను తిరిగి బయలుదేరాను. రైలు స్టేషను వదిలి నెమ్మదిగా కదులుతోంది. కిటికీలోంచి చూస్తే పొలాల మధ్య బాట వెంట చెట్ల వరుస. ఒక చెట్టు కింద ఎవరో ఒకామె గంప దించుకుంది. ఎవరో నాకు తెలియదు. నెత్తి మీది గుడ్డ చుట్టకుదురు విదిలించి భుజాన వేసుకుంది. ఒక చెప్పు విడిచి, మానుకు చెయ్యి ఆనించి, కాలు ఎత్తి అరికాలు చూసుకుంది. తర్వాత ఏ తొందరా లేనట్టు అక్కడే నీడలో నిలబడి, మా రైలు వెళ్ళేదాకా చూసింది.