నేను బిగించిన గుండ్రటి గొట్టం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. చదువు అప్పుడే ముగిసింది, చేతిలో పట్టా, తలమీద పసుపు హెల్మెట్. తాండూరు టవర్‌కి నేను దొరకడం దాని అదృష్టమే అనుకున్నాను. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు (నచ్చకపోవడం అనేది ఒకటుంటుందని నాకు తోచనే లేదు). మా టవర్ మీది డిష్, వికారాబాద్ గుట్ట మీది డిష్ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండేవి. కింద గదిలోని యంత్రం నుంచి పైన డిష్ దాకా సిగ్నల్‌ను మోసుకెళ్లేది ఒక రాగి గొట్టం. చపాతీ కర్రంత లావు, లోపలంతా బోలు.

టవర్ ఎక్కి పనిచేసే పెద్దాయనను అందరూ చాచా అనేవారు. నా ఈడు కూతురున్న మనిషి, నన్నూ బిడ్డా అనే పిలిచేవాడు. లోపల తీగ లేకుండా సిగ్నల్ ఎలా పోతుందని ఒకరోజు టీ తాగుతూ పాపం ఊరికే అడిగాడు. నేను అరగంట చెప్పాను. మైక్రోవేవ్‌కు తీగ అక్కర్లేదు, గొట్టం గోడలే దారి చూపిస్తాయి. గొట్టం మరీ సన్నదైతే అల లోపలికే పోదు. గుండ్రటి గొట్టంలో ఇంకో సుఖముంది: ఒక అల నిలువుగా, మరొకటి అడ్డంగా ఊగుతూ, ఒకదాని జోలికి ఒకటి పోకుండా రెండూ ప్రయాణిస్తాయి. గుండ్రం చెడితే మాత్రం అల పక్కకు తిరిగి, ఒకదాని మాట ఇంకోదాంట్లో కలుస్తుంది. నేను ముగించేసరికి చాచా టీ చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున గొట్టాన్ని టవర్‌కు పట్టి ఉంచే పట్టీలు మార్చాం. అన్నిటికన్నా కింది పట్టీ నేనే బిగిస్తానన్నాను. ఆడపిల్లకు పానా ఏం తిరుగుతుందని ఎవరూ అనలేదు. ఎవరైనా అనుకుంటారేమోనని నేనే అనుకుని, పళ్లు బిగబట్టి తిప్పాను.

"జర అల్కగ బిడ్డా," అన్నాడు చాచా, మెల్లగా తిప్పమన్నట్టు చెయ్యి ఊపుతూ.

ఇంకో రెండు చుట్లు తిప్పాను.

చేతులు కడుక్కునేలోపే వికారాబాద్ నుంచి మా పైఅధికారి సార్ ఫోన్. రెండు సిగ్నళ్లూ కలగాపులగమయ్యాయి, తాండూరులో సగం పనులు ఆగిపోయాయి, అక్కడేమైనా ముట్టుకున్నారా అని. పట్టీలు మార్చాం అంతే, గాలికి మీ డిష్ కదిలి ఉంటుంది అన్నాను (ఆ రోజు ఆకు కూడా కదలలేదు). అంతటితో ఆగక, నేనే వచ్చి సరిచేస్తానని రైలెక్కాను. ధారూర్ దాటేసరికి అక్కడ ఏం ఉపన్యాసం ఇవ్వాలో కూడా సిద్ధమైంది.

గుట్ట మీద సార్‌నూ, ఇద్దరు పనివాళ్లనూ నిలబెట్టి డిష్ బోల్టులు వదులు చేయించాను. ఎడమకు అన్నాను, కుడికి అన్నాను. అంతో ఇంతో మిగిలిన సిగ్నల్ కూడా పోయింది. సరిగ్గా అప్పుడు చాచా ఫోన్ చేశాడు. తాండూరుకు సిగ్నల్ వచ్చిందన్న శుభవార్తే అయి ఉంటుందని, అందరూ వినాలని స్పీకర్ పెట్టాను.

"బిడ్డా, కింది పట్టీ కాడ గొట్టం నొక్కుకపోయింది. కోడిగుడ్డు లెక్క ఉన్నది."

సార్ ఫోన్ వైపు వంగి, ఆ పట్టీ ఎవరు బిగించారని అడిగారు. నా ఉద్యోగం ఆ ఒక్క జవాబు మీద ఉంది. చాచా నన్ను కాపాడతాడని గట్టిగా నమ్మాను.

"మేడమే బిగించింది సార్. మస్తు బలం. గుండ్రం చెడితే ఏమైతదో కూడ ఆమెనే చెప్పింది. ఇయ్యాల మంచిగ అర్థమైంది."

పనివాళ్లిద్దరూ గుట్ట కింది లోయను శ్రద్ధగా చూడసాగారు. సార్ తిట్టలేదు, విప్పించినదాన్ని నన్నే బిగించమన్నారు. మీటర్ చూసుకుంటూ డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ మళ్లీ దారికి తెచ్చేసరికి ఎండంతా నా వీపు మీదే గడిచింది. అక్కడ చాచా నలిగిన ముక్క తీసేసి కొత్తది వేశాడు. సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది. రిపోర్టులో కారణం అన్నచోట 'గాలి' అని రాసి, కొట్టేసి, నా పేరు రాశాను. ఆ గడిలో సొంత పేరు రాసుకున్నవాళ్లను ఇంతవరకు చూడలేదన్నారు సార్. అందుకే ఉంచుకున్నారో ఏమో, అడగలేదు.

ఇప్పుడు నేను కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెబుతున్నాను. ఏది అడిగినా "చూద్దాం", "అయి ఉండొచ్చు" అంటుంటాను, తప్పులూ తగ్గాయి. కానీ అంత పెద్ద తప్పును అంత ధీమాగా రైల్లో మోసుకెళ్లిన ఆ పిల్లంటే, నిజం చెప్పొద్దూ, అప్పుడప్పుడు కాస్త అసూయే.