లావు షాఫ్టు

గుంటూరులో మా నాన్నది లేత్ షాపు. ఆయనా, బాబాయీ ఇద్దరే పనివాళ్లు. ఒకరు కొలిచింది రెండోవారు మళ్లీ కొలవందే సరుకు గుమ్మం దాటేది కాదు. మందం కొలిచే వెర్నియరు ఒక్కటే, అది చేతులు మారుతూ ఉండేది.

చీరాల రోడ్డులోని ఒక జిన్నింగు మిల్లులో పత్తి సీజన్ మధ్య రోలర్లను తిప్పే షాఫ్టు విరిగింది. నాన్న కాస్త లావుది చేశాడు. మా వైపు విరిగిన ప్రతిదానికీ అదే మందు. బాబాయి కొలిచి, "బండలా ఉందన్నయ్యా, ఇక దీని జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. బిగించడానికి బాబాయే వెళ్లాడు. మిల్లు నడుస్తుండగా అదీ విరిగింది. ముక్క ఎగిరొచ్చి ఆయనకు తగిలింది.

బాబాయి పోతే నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు టీలు అందించాను. షాఫ్టులను కంప్యూటర్లో పరీక్షించడం నా ఉద్యోగం. పెద్దకర్మ అయ్యాక నాన్న అడిగాడు: "వాణ్ణి చంపింది నా షాఫ్టేనా అమ్మా?"

ఆదివారం పొద్దున ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మోటారు, కప్లింగు, షాఫ్టు, రోలర్లు అన్నీ ల్యాప్‌టాప్‌లో గీశాను. ప్రతి షాఫ్టుకీ మెలిపడి మళ్లీ విప్పుకునే సొంత లయ ఒకటుంటుంది. యంత్రం తిరిగేటప్పుడు షాఫ్టుకు తగిలే దెబ్బలు అదే లయలో పడితే మెలి పెరుగుతూ పోతుంది. పాత షాఫ్టు లయ ఆ దెబ్బలకు దూరంగానే ఉంది. అది అరిగి విరిగిందంతే. లావు చేసేసరికి లయ వేగం పెరిగి, సరిగ్గా దెబ్బలతో కలిసింది. తెర మీద షాఫ్టు ఒక కొస ఇటు, ఇంకో కొస అటు మెలి తిరుగుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం కదలికే లేదు. నేనూ అక్కడే ఉన్నట్టనిపించింది. కాఫీ పెట్టనా అని అడిగాను.

"ముందు చెప్పు."

"అవును నాన్నా. లావే."

"ఎంత తగ్గించాలి?" అన్నాడు.

"మళ్లీ నువ్వే చేస్తావా?"

"ఇంకెవడైనా అయితే ఇంకా లావుది వేస్తాడు."

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. అంకె చెప్పాను.

షాఫ్టు తయారైన రోజు షాపుకెళ్లాను. నాన్న కొలిచి, తలెత్తకుండానే వెర్నియర్ పక్కకు చాచాడు. అక్కడెవరూ లేరు. చెయ్యి అలాగే ఉండిపోయింది. వెళ్లి అందుకున్నాను. షాఫ్టుకు పెట్టి, గీతల మీదకు వంగాను.

"ఎంతుంది?" అన్నాడు.

"ఉండు నాన్నా," అన్నాను. "కనపడటం లేదు."