మంచు మీదుగా దగ్గర దారి

దర్జీ వదిన విమానం ఎక్కడం అదే మొదలు. ఆమెతోపాటు కుట్టుపని నేర్చుకున్న స్నేహితురాలు దూరదేశంలో సొంత దుకాణం తెరుస్తోంది. "రిబ్బను నువ్వే కత్తిరించాలి. రాకపోతే తలుపులే తెరవను" అని ఫోనులో మంకుపట్టు పట్టింది. దాదాపు పదమూడు వేల కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా పదహారు గంటల ప్రయాణం. ఆ మాట విన్న రోజునుంచీ వదిన కాళ్లు నేలమీద నిలవలేదు. తోడుగా ఆడపడుచు బయల్దేరింది.

భోజనాలయ్యాయి. ఎదుటి తెరమీద పటం చూస్తున్న ఆడపడుచు ఉలిక్కిపడింది.

"వదినా, కొంప మునిగింది! మనం పోవాల్సింది పడమటికి కదా? వీళ్లు నేరుగా పైకి, ఉత్తరానికి పోతున్నారు!"

"నడిపేవాళ్లకి దారి తెలీదంటావా?"

"తెలిస్తే సముద్రం మీదుగా తిన్నగా పోరూ!"

అటుగా వచ్చిన విమానం అమ్మాయిని ఆపి అడిగేసింది. ఆ పిల్ల నవ్వింది.

"కంగారుపడకండమ్మా, ఇదే దగ్గర దారి. మీరన్నట్టు వెళ్తే ఇంకా ఆలస్యమవుతుంది. భూమి గుండ్రం కదా!"

ఆమె వెళ్లిపోయినా ఆడపడుచు గొణుగుడు ఆగలేదు. వదినకి మాత్రం ఆ 'గుండ్రం' అన్న మాట బుర్రలో తొలిచేస్తోంది. సంచిలోంచి ఊలు ఉండ తీసింది. దాని నడుముకి కాస్త పైన, ఈ పక్కొకటి ఆ పక్కొకటి వేళ్లు ఆనించింది.

"ఇది మన ఊరు. అది వాళ్లూరు. దారం పట్టుకో."

ముందు దారాన్ని ఉండ చుట్టూ అడ్డంగా పరిచారు. తర్వాత వదిన రెండు కొసలూ బిగించి లాగింది. దారం దానంతటదే జారి, ఉండ నెత్తి దగ్గరికి ఎక్కి కూర్చుంది. పైగా బెత్తెడు దారం మిగిలింది.

"ఓసి నీ దుంపతెగ! మిగిలిందే!" అని వదిన కేక పెట్టింది. ముందు వరసలో నిద్రపోతున్న పెద్దాయన లేచి కూర్చున్నాడు. ఆడపడుచు ఆమె నోరు మూయబోయి తనే ఫక్కున నవ్వేసింది.

వదిన కిటికీ తెర పైకి లేపింది. కిందంతా తెల్లగా, ఇస్త్రీ చేసి పరిచిన గుడ్డలా మెరిసిపోతోంది. అక్కడక్కడా మంచు పగిలి నీలం నీళ్లు. ఊరు లేదు, రోడ్డు లేదు.

"ఇటు జరగవే, కళ్లారా చూడు. ఇక్కడికి మనం కావాలన్నా రాగలమా?"

ఇద్దరూ ఒకే కిటికీకి బుగ్గలు ఆనించి, మెడలు పట్టేసేదాకా చూశారు. ఆ ప్రయాణంలో వదిన రెప్ప వాల్చలేదు.

విమానం దిగి బయటికి రాగానే స్నేహితురాలు పరుగున వచ్చి కావలించుకుంది. "అలిసిపోయావా? ఇంటికెళ్లి పడుకుందువుగాని పద."

"పడుకోవడమా! ముందు దుకాణం చూపించు" అంది వదిన. కారెక్కీ ఎక్కకముందే వదినా ఆడపడుచూ ఒకేసారి మంచు గురించి చెప్పడం మొదలుపెట్టారు.